నిద్ర పట్టట్లేదని చెప్తే చాలు: ఇంట్లో మగమనిషిని గవర్నమెంటు మానసిక వైద్యం దాకా తీసుకెళ్ళే దారి

మా బావ, అంటే మా అక్క మొగుడు, మిరప రైతు. సొంతం మూడెకరాలు, కౌలు ఇంకో అయిదు. ఒక ఏడాది రేటు పడిపోతే టిక్కీలు (మిరప బస్తాలు) కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఇవాళ పెరుగుద్ది రేపు పెరుగుద్ది అని కూర్చున్నాడు, అది పెరగలేదు, వడ్డీ మాత్రం పెరిగింది. ఆ తర్వాత మనిషి మాట తగ్గించేశాడు. రాత్రి పన్నెండింటికి కూడా గొడ్ల చావిట్లో మంచం మీద కూర్చునే ఉండేవాడు, ఫోన్ మోగినా తీసేవాడు కాదు, పిల్లోడు హోంవర్క్ గురించి ఏదో అడిగితే పుస్తకం విసిరికొట్టాడు. అక్క ఫోన్ చేసి "మీ బావకి ఏదో అయిందిరా, మందు కూడా ఎక్కువైంది" అంది.

నేనేం చేశానంటే వెళ్ళీ వెళ్ళగానే "బావా, ఒకసారి మెంటల్ డాక్టర్ దగ్గరికి వెళ్ళొద్దాం" అన్నాను. అంతే, "నేనేమన్నా పిచ్చోడినంట్రా" అని లేచెళ్ళిపోయి పది రోజులు నాతో మాట్లాడలేదు. నా తప్పే. తర్వాత దారి మార్చి, మూడు నెలలు తిరిగి తిరిగి నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నా, మీకు ఆ మూడు నెలలు మిగులుతాయని. గవర్నమెంటు వైపు వసతులు లేవని చాలామంది అనుకుంటారు గానీ ఉన్నాయి, పూర్తిగా బాగున్నాయని చెప్పను, కానీ ఉన్నాయి. ఏ తలుపు ఏ రోజు తీసుంటుందో ఎవరూ చెప్పరు, అదీ మన బాధ.

ముందు ఒక లెక్క చూడండి. 2022లో దేశం మొత్తం మీద ఆత్మహత్యలు 1,70,924 అని ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల సంస్థ) లెక్క, అందులో మగాళ్ళు 1,22,724 మంది. పది మందిలో ఏడుగురు. 2015-16లో నిమ్హాన్స్ (బెంగళూరులో కేంద్రం నడిపే పెద్ద మానసిక వైద్య సంస్థ) వాళ్ళు చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో మందు అలవాటు జబ్బు స్థాయికి వెళ్ళినవాళ్ళలో 86 శాతం మందికి ఏ వైద్యమూ అందట్లేదని తేలింది, వాళ్ళలో ఎక్కువమంది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. రైతు పోయాక ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ ఏడీ ముగ్గురూ కమిటీగా ఇంటికొచ్చి విచారణ చేసి ఎక్స్‌గ్రేషియా రాస్తారు. బతికుండగా ఇంటికొచ్చేది ఆశా అక్క ఒక్కతే, ఆమె కూడా ఎక్కువగా గర్భిణుల కోసం, టీకాల కోసం వస్తుంది. మగాడిని పలకరించడానికి ఎవరూ రారు, అందుకే మనమే తీసుకెళ్ళాలి.

మగాళ్ళలో ఇది ఏడుపులా కనపడదు, అది ముందు గుర్తుపెట్టుకోండి. కోపంలా కనపడుద్ది. కడుపులో మంట, గ్యాస్, నడుం నొప్పి, తల పట్టేసినట్టు ఉండటం, స్కాన్లన్నీ నార్మల్, అయినా నెలకి నాలుగు వేలు మందులకి. తెల్లారుజామున మూడింటికి మెలకువ వచ్చేసి మళ్ళీ నిద్ర పట్టకపోవడం. భార్య దగ్గరికి వెళ్ళకపోవడం (ఇది ఎవరూ చెప్పరు, అడగరు). బండి అడ్డదిడ్డంగా నడపడం. క్వార్టర్ హాఫ్ అవ్వడం. ఇవన్నీ నెమ్మదిగా వచ్చేవి, వీటికి రెండు మూడు వారాలు టైముంది. టైం లేనివి వేరే ఉన్నాయి: ఎల్‌ఐసీ బాండు ఎక్కడుందో అడగడం, పాస్‌బుక్కులు భార్యకి అప్పజెప్పడం, "నేను లేకపోయినా మీకు బానే జరుగుద్దిలే" లాంటి మాటలు, లేదా చాలా రోజులు దిగులుగా ఉన్నవాడు ఉన్నట్టుండి ప్రశాంతంగా అయిపోయి అందరికీ ఫోన్లు చేసి పలకరించడం. ఇలాంటివి కనపడితే ఈ రాసింది చదవడం ఆపి ముందు 14416కి (మానసిక సాయం చేసే ఫ్రీ నంబర్) ఫోన్ చేయండి. మనిషి అప్పటికే ఏదన్నా చేసుకుని ఉంటే 108.

అడగడానికి భయపడొద్దు. "బావా, చచ్చిపోవాలనిపిస్తోందా" అని మొహం మీదే అడగొచ్చు, అడిగితే లేని ఆలోచన కొత్తగా వస్తుందనేది నిజం కాదు, డాక్టర్లంతా చెప్పేది ఇదే. నేను అడిగినప్పుడు మా బావ చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "అప్పుడప్పుడు" అన్నాడు. ఆ ఒక్క మాట తర్వాత నాకు పని తేలికైంది. ఆ రాత్రే పురుగుల మందు, గడ్డి మందు డబ్బాలన్నీ తీసి మా బాబాయి వాళ్ళ షెడ్డులో పెట్టి తాళం వేశాం, పిచికారీ రోజు బాబాయే తెచ్చిచ్చేవాడు. కొట్టాక మిగిలిన డబ్బా చావిట్లో దూలం మీద పెట్టే అలవాటు మన ఊళ్ళల్లో అందరికీ ఉంది, ఆ అలవాటు మానండి, ఇంట్లో ఎవరికీ ఏ బాధా లేకపోయినా సరే. ఎవరైనా తాగారని అనుమానం వస్తే వాంతి చేయించడానికి ఉప్పునీళ్ళూ చింతపండు నీళ్ళూ పోయొద్దు, డబ్బా కూడా తీసుకుని ఆసుపత్రికి వెళ్ళిపోండి, మనిషి పైకి బానే ఉన్నట్టు కనపడినా సరే.

ఇక 14416 సంగతి. దీన్ని టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబర్ 10న కేంద్రం మొదలుపెట్టింది, 1800-89-14416 అని ఇంకో నంబర్ కూడా ఉంది, రెండూ ఫ్రీ, రాత్రీ పగలూ ఉంటాయి. కలిపాక భాష అడుగుద్ది, తెలుగు నొక్కండి. ముందు కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమనుకుంటే సైకియాట్రిస్టుకి కలుపుతారు, మీ జిల్లాలో ఎక్కడికి వెళ్ళాలో చెప్తారు. బాధపడే మనిషే చేయాలని రూలేం లేదు, అక్క చేయొచ్చు, కొడుకు చేయొచ్చు. మొదటిసారి నేనే చేశాను, గొడ్ల చావిడి వెనక నిలబడి. పావుగంట మాట్లాడారు, వాళ్ళు చెప్పినవాటిలో బాగా పనికొచ్చిన ముక్క ఏంటంటే "ఆయనకి ఏది ఇబ్బందిగా ఉందో ఆ మాటతోనే మొదలుపెట్టండి, జబ్బు పేరుతో మొదలుపెట్టొద్దు" అన్నారు. ఒక్కోసారి లైను కలవడానికి టైం పడుతుంది, రెండోసారి చేయండి, చిరాకుపడి వదిలేయొద్దు. 2024 అక్టోబర్‌లో దీనికి యాప్ కూడా వచ్చింది, వీడియో కాల్ కూడా పెట్టారు. మందు, గంజాయి, ఇతర మత్తు గొడవైతే 14446 అని వేరే టోల్ ఫ్రీ ఉంది.

అప్పుడు అర్థమైంది నాకు. మా బావకి ఇబ్బందిగా ఉన్నది అప్పు కాదు, దిగులు కాదు, ఆయన నోటితో ఒప్పుకున్నది ఒక్కటే: నిద్ర. "నిద్ర పట్టట్లేదురా, నిద్రపడితే అన్నీ చూసుకుంటా" అనేవాడు. సరే బావా, నిద్ర గురించే వెళ్దాం అన్నా. ఒప్పుకున్నాడు. నిద్ర పట్టట్లేదు అనడంలో పరువు పోయేది ఏం లేదు కదా, ఊళ్ళో ఎవరికీ సరిగ్గా నిద్రపట్టదు. ఓపీ కౌంటర్లో ఇదే మాట, నర్సు దగ్గర ఇదే మాట, డాక్టర్ దగ్గర కూడా మొదటి మాట ఇదే. మిగతావి డాక్టరే ఒక్కొక్కటీ లాగుతారు, అది వాళ్ళ పని. మీవాడికి నిద్ర బానే పడుతుంటే ఆకలి, గుండె దడ, ఒళ్ళు నొప్పులు, ఏది ఒప్పుకుంటే అది.

ఎక్కడికి వెళ్ళాలి అంటే దగ్గర నుంచి దూరం చెప్తా.

ఊళ్ళో ఉండేది విలేజ్ హెల్త్ క్లినిక్, తెలంగాణలో పల్లె దవాఖానా, హైదరాబాద్ లాంటి చోట బస్తీ దవాఖానా. ఆంధ్ర ఊళ్ళల్లో క్లినిక్‌లో ఉండే మేడంని ఎమ్మెల్‌హెచ్‌పీ అనో సీహెచ్‌వో అనో అంటారు. ముప్పై దాటిన వాళ్ళందరికీ బీపీ, షుగర్ చూడటం వీళ్ళ డ్యూటీలో భాగం. అది మంచి సాకు, వాడుకోండి. బీపీ చూపించుకోవడానికని తీసుకెళ్ళి, నిద్ర సంగతి అక్కడ ఎత్తండి. ఈ-సంజీవని అని వీడియోలో డాక్టర్‌తో మాట్లాడించే ఏర్పాటు వీళ్ళ దగ్గరుంటుంది, అడగండి, అడక్కపోతే గోళీలు ఇచ్చి పంపేస్తారు. కానీ ఒక మాట. ఊరి క్లినిక్ అంటే ఆశా అక్క ఎవరికో వదిన అవుద్ది, ఏఎన్ఎం పక్క వీధే, సాయంత్రానికి రచ్చబండ దగ్గర అందరికీ తెలిసిపోతుందని మగాళ్ళ భయం. ఆ భయం ఉత్తిదేం కాదు. అలా అనిపిస్తే ఊరిది వదిలేయండి, పక్క మండలం పీహెచ్‌సీకి వెళ్ళండి లేదా సరాసరి జిల్లా ఆసుపత్రికి వెళ్ళిపోండి, కింద ఆసుపత్రి నుంచి రిఫరల్ చీటీ లేదని సైకియాట్రీ ఓపీ చూడకుండా పంపడం నేనైతే చూడలేదు.

జిల్లా ఆసుపత్రిలో అడగాల్సిన పేరు డీఎంహెచ్‌పీ, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం. 1980ల్లో మన పక్కనే బళ్ళారి జిల్లాలో నిమ్హాన్స్ వాళ్ళు ప్రయోగంగా చేసి చూపించారు, దాన్ని నమూనాగా పెట్టుకుని 1996లో దేశంలో మొదలుపెట్టారు. కాగితం మీద ఒక సైకియాట్రిస్టు, ఒక సైకాలజిస్టు, ఒక సోషల్ వర్కర్, నర్సులు ఉండాలి. చాలాచోట్ల ఈ పోస్టుల్లో ఒకటో రెండో ఖాళీ. ఉన్న సైకియాట్రిస్టు కూడా ఒకరోజు ఇక్కడ, ఒకరోజు ఏరియా ఆసుపత్రిలో, ఒకరోజు జైలు క్యాంపులో. కాబట్టి రోజు కనుక్కోకుండా బయల్దేరొద్దు. ఇది పెద్దక్షరాలతో రాసుకోండి.

నేను కనుక్కోకుండా వెళ్ళి దెబ్బతిన్నా. ఎంత బతిమాలితే బావ వచ్చాడో, తీరా వెళ్తే డాక్టర్ గారు క్యాంపుకి వెళ్ళారన్నారు, అది కూడా ఎలా చెప్పారు, కౌంటర్లో మనిషి అరవై మంది లైన్లో ఉండగా "మెంటల్ ఓపీనా? ఇవాళ లేదు" అని అరిచాడు. బావ వెనక్కి తిరిగి బస్టాండు దాకా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు, నేను వెనకాల. ఏ ఆసుపత్రో చెప్పను, చెప్పినా లాభం లేదు, ఆ మనిషికి అది తప్పని కూడా తెలీదు. తర్వాత వారం నేనొక్కడినే ముందురోజు వెళ్ళాను. గది ఎక్కడుందో చూశాను (దంతాల డాక్టర్ పక్కన, మెట్ల కింద), ఏ రోజుల్లో కూర్చుంటారో నర్సుని అడిగాను, ఎన్ని గంటలకి జనం తక్కువుంటారో అడిగాను, ఆ సిస్టర్ నంబర్ కూడా ఇచ్చింది. మర్నాడు బావని కౌంటర్ దగ్గరికి రానివ్వలేదు, బయట టీ కొట్టు దగ్గర కూర్చోబెట్టి చీటీ నేనే తెచ్చా. ఇప్పుడు చాలా ఆసుపత్రుల్లో క్యూఆర్ కోడ్ ఫోన్‌తో స్కాన్ చేస్తే ఆభా (గవర్నమెంటు హెల్త్ ఐడీ) నంబర్ మీద ఓపీ టోకెన్ వస్తుంది, అది ఉంటే కౌంటర్లో నోరు తెరిచే పనే తక్కువ. సైకియాట్రీ అని పలకడం మీకే ఇబ్బందైతే గది నంబర్ చెప్పండి, చాలు.

వెంట తీసుకెళ్ళాల్సినవి: ఆధార్, పాత చీటీలు, ఇంతకుముందు వాడిన గోళీల అట్టలు (పేర్లు గుర్తుండవు, అట్ట చూపిస్తే పని అయిపోద్ది), ఇంకా ఒక కాగితం మీద నాలుగు లైన్లు. ఎప్పట్నుంచి, రోజుకి ఎన్ని గంటల నిద్ర, ఎంత తాగుతున్నాడు, చచ్చిపోవాలనే మాట అన్నాడా లేదా. ఆ కాగితం డాక్టర్ చేతికి మీరే ఇవ్వండి. ఎందుకంటే లోపల ఉండే టైం ఏడెనిమిది నిమిషాలు, మన మగాళ్ళు మొదటి ఆరు నిమిషాలు "ఏం లేదు సార్, బానే ఉంది" అంటారు. ఇంకోటి, ఒక్క నిమిషం మీరు బయటికి వచ్చేసి ఆయన్ని ఒంటరిగా మాట్లాడనివ్వండి, బామ్మర్ది ముందు చెప్పలేనివి ఉంటాయి.

జిల్లాలో కుదరకపోతే బోధనాసుపత్రులున్నాయి, గుంటూరు జీజీహెచ్, కాకినాడ, కర్నూలు, వరంగల్ ఎంజీఎం, వీటిలో సైకియాట్రీ విభాగాలుంటాయి. మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లు ఉన్నాయి. పూర్తిగా దీనికోసమే ఉన్నవి విశాఖలో చినవాల్తేరు, హైదరాబాద్‌లో ఎర్రగడ్డ. ఎర్రగడ్డ అనే మాట మనం తిట్టుగా వాడేశాం, సినిమాల్లో జోకులు, కానీ అక్కడ ఓపీకి రోజూ ఎంతోమంది మామూలుగా బస్సు దిగి వచ్చి చూపించుకుని సాయంత్రానికి ఇంటికి పోతారు. వెళ్ళినంత మాత్రాన ఎవర్నీ లోపల పెట్టరు. రాయలసీమ వాళ్ళు బెంగళూరు నిమ్హాన్స్‌కి వెళ్ళడం పాత అలవాటే, అక్కడ తెలుగు తెలిసినవాళ్ళు దొరుకుతారు, భాష భయం వద్దు.

మందుల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మగాళ్ళు వైద్యం వదిలేసేది ఇక్కడే. గవర్నమెంటు ఫార్మసీలో ఫ్రీగా ఇస్తారు, పదిహేను రోజులకో నెలకో. స్టాకు లేదంటే జనరిక్ షాపులో, జన ఔషధిలో అదే మందు తక్కువకి దొరుకుద్ది, చీటీ మీద కంపెనీ పేరు కాకుండా మందు పేరు రాయమని అడగండి. దిగులుకి ఇచ్చే మాత్రలు తలనొప్పి బిళ్ళలా గంటలో పనిచేయవు, రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి వారం వికారం, మగత, నోరెండిపోవడం ఉండొచ్చు. అంటే లాభం కనపడకముందే ఇబ్బంది కనపడుద్ది, అందుకే పదో రోజుకి "ఇవి నాకు పడలేదు" అని డబ్బా విసిరేస్తారు. ఆ మూడు వారాలు దాటించడమే ఇంట్లోవాళ్ళ పని. కొన్ని మాత్రలకి శృంగారంలో ఇబ్బంది వస్తుంది, అది ఎవరికీ చెప్పుకోలేక చాలామంది గప్‌చుప్‌గా మానేస్తారు, డాక్టర్‌కి చెప్తే డోసు తగ్గిస్తారు లేదా మందు మారుస్తారు, సిగ్గుపడే పని కాదు. బాగైపోయిందనిపించాక కూడా కొన్ని నెలలు వాడాలి, ఆపేటప్పుడు కూడా డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ ఆపాలి. మా బావ రెండో నెలలో బాగుందని సొంతంగా ఆపేశాడు, మూడో వారానికి మళ్ళీ మొదటికొచ్చింది, ఆ తర్వాత అక్క గోళీల డబ్బా టీవీ పక్కన పెట్టి రాత్రి వార్తల టైంకి చేతిలో పెడుతుంది.

తాగుడు ఉంటే ఒక హెచ్చరిక. ఏళ్ళ తరబడి రోజూ తాగేవాడిని గుడికి తీసుకెళ్ళి ఒట్టు వేయించి, మాల వేయించి ఒక్కసారిగా మాన్పిస్తారు చూడండి, అది ప్రమాదం. రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, ఫిట్స్, లేనివి కనపడటం, ప్రాణం మీదకి కూడా రావచ్చు. 2020 లాక్‌డౌన్‌లో వైన్ షాపులు, కల్లు దుకాణాలు మూసేస్తే ఎర్రగడ్డకి జనం ఎలా వచ్చిపడ్డారో తెలంగాణ వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలుపుతారు కాబట్టి కల్లు మానినా అదే తంటా. మానాలి, కానీ ఆసుపత్రిలో డాక్టర్ చేతిలో మానాలి. వారం పది రోజుల అడ్మిషన్, విటమిన్ ఇంజెక్షన్లు, వణుకు తగ్గే మాత్రలు, తర్వాత ఇంటికి. ఊరి బయట బోర్డు పెట్టుకుని కట్టేసి కొట్టే ప్రైవేటు డీఅడిక్షన్ సెంటర్లకి లక్షలు పోయొద్దు.

చట్టం గురించి భయాలు కూడా ఎక్కువే. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. అందులో 115వ సెక్షన్ ఏం చెప్తుందంటే ఆత్మహత్యాయత్నం చేసినవాడు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, కేసు పెట్టి శిక్షించకూడదు, వైద్యం చూపించే బాధ్యత సర్కారుదే. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరమన్న పాత ఐపీసీ 309 సెక్షన్ అసలు లేదు. పెట్రోలు సీసా పట్టుకుని ఆఫీసర్‌ని బెదిరించి పని చేయించుకోవడానికి చేస్తే మాత్రం 226 సెక్షన్ ఉంది, అది వేరే సంగతి. కాబట్టి ఏదన్నా జరిగినప్పుడు "పోలీసు కేసవుద్ది" అని ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరే గంటలు గంటలు ఉంచేయొద్దు. పెద్దాసుపత్రిలో ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) అని రాస్తారు, కానిస్టేబుల్ వచ్చి స్టేట్‌మెంట్ తీసుకుంటాడు, అది రికార్డు కోసం.

అదే చట్టం ప్రకారం రోగి వివరాలు బయటపెట్టకూడదు, గొలుసులతో కట్టకూడదు, మత్తు ఇవ్వకుండా కరెంటు షాకు ఇవ్వకూడదు. తనంతట తను చేరినవాడు సాధారణంగా తనంతట తను బయటికి రావచ్చు. ఇంట్లోవాళ్ళు చేర్పించాల్సి వస్తే దానికి డాక్టర్ల పరీక్ష ఉంది, ముప్పై రోజుల గడువుంది, మొగుణ్ణి వదిలించుకోవాలనో ఆస్తి కోసమో చేర్పించేసే లెక్క కుదరదు. మనిషి బాగున్నప్పుడే రేపు నా తరఫున వైద్యం విషయాలు ఫలానావాళ్ళు చూడాలి అని తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టుకోవచ్చు, దాన్ని నామినేటెడ్ రిప్రజెంటేటివ్ అంటారు, మా బావ అక్క పేరు రాశాడు. ఇన్సూరెన్సు కంపెనీలు మిగతా జబ్బులతో సమానంగా దీన్నీ కవర్ చేయాలి, 21వ సెక్షన్. అడ్మిషన్ అవసరమైతే ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ కౌంటర్లో ఆరోగ్యమిత్రని ఈ జబ్బుకి ఏం వర్తిస్తుందో అడిగి తెలుసుకోండి. లాయర్ సాయం కావాలంటే 15100, ఉచిత న్యాయ సేవల నంబర్. జబ్బు ముదిరి పని చేయలేని స్థితి ఉంటే, వైకల్యం 40 శాతం దాటిందని మెడికల్ బోర్డు సర్టిఫికెట్ ఇస్తే దివ్యాంగుల కోటా, యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డు, పెన్షన్ దారులున్నాయి, స్లాట్ మీసేవలోనో సచివాలయంలోనో అడగండి.

మాత్ర అప్పు తీర్చదు, అది నాకూ తెలుసు, బావకీ తెలుసు. కానీ ఆరు గంటలు నిద్రపోయిన మనిషి పొద్దున లేచి ఎవరికెంత బాకీ అని కాగితం తీసి కూర్చున్నాడు, అంతకుముందు ఆర్నెల్లు ఆ కాగితం వైపే చూడలేదు. బ్యాంకు లోనుని లోక్ అదాలత్‌లో సెటిల్ చేసుకోవచ్చేమో కనుక్కున్నాడు, కౌలు ఆరు నుంచి రెండుకి తగ్గించాలా అని నాతో వాదించాడు (అయిదురా బావా, ఆరు ఎప్పుడు చేశావ్ అని నేను, అట్లా గొడవపడి చాలా రోజులైంది).

ఇక ఊరికోసం ఏదన్నా చేద్దాం అనుకునేవాళ్ళకి, వార్డు మెంబర్లకి, కుర్రాళ్ళకి. ఆడవాళ్ళకి డ్వాక్రా మీటింగు ఉంది, అంగన్‌వాడీ ఉంది, నెలకోసారి నలుగురూ కూర్చుని ఏడ్చుకోవడానికి ఒక చోటుంది. మగాళ్ళకి వైన్ షాపు పక్కన గట్టు తప్ప ఏం లేదు, ఇది నా ఫిర్యాదు. పంచాయతీ పెద్ద ఖర్చు పెట్టక్కర్లేదు. 14416 నంబర్ పెయింటుతో రాయించమనండి, పంచాయతీ ఆఫీసు గోడ మీద కాదు, అక్కడ ఎవరు చూస్తారు, ఎరువుల షాపు షట్టర్ పక్కన, రైతు సేవా కేంద్రం దగ్గర, తెలంగాణలో అయితే రైతు వేదికలో, వైన్ షాపుకెళ్ళే సందు మొదట్లో, ఇంకా సెలూన్లో అద్దం పక్కన. సెలూన్లో మగాడు ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చుంటాడు, వేరే ఎక్కడా కూర్చోడు. మా ఊళ్ళో మంగలి షాపు ఆయన పర్మిషన్ అడిగితే, "ఇంత చిన్నగా రాశారేంటి, నాకే కనపడట్లేదు" అని తనే పెద్దగా రాయించాడు.

క్యాంపు పెట్టించాలంటే గ్రామసభలో తీర్మానం చేయించి, సర్పంచ్ సంతకంతో జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారికి లెటర్ ఇవ్వండి, డీఎంహెచ్‌పీ టీమ్‌ని ఊరికి పంపమని. లెటర్లో రెండు విషయాలు కచ్చితంగా రాయండి. ఒకటి, క్యాంపు పేరు మానసిక ఆరోగ్య శిబిరం అని పెట్టొద్దు, ఒక్క మగాడు రాడు, బీపీ షుగర్ నిద్ర పరీక్షల క్యాంపు అనండి. రెండు, టైం. పొద్దున పదకొండింటికి పెడితే పొలంలో ఉంటారు, సాయంత్రం ఆరు తర్వాత పెట్టండి, కుదరదంటే కనీసం పనుల్లేని రోజు చూడండి. లెటర్ ఇచ్చిన రసీదు తీసుకోండి. నెలలో కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే చోట ఇవ్వండి, ఆంధ్రలో పీజీఆర్‌ఎస్, తెలంగాణలో ప్రజావాణి. అదీ కాకపోతే పది రూపాయల ఆర్టీఐ: జిల్లాలో డీఎంహెచ్‌పీకి మంజూరైన పోస్టులెన్ని, ఖాళీలెన్ని, సైకియాట్రిస్టు ఏ రోజు ఏ ఆసుపత్రిలో కూర్చుంటారు. ముప్పై రోజుల్లో సమాధానం ఇవ్వాలి. 2017 చట్టం 18వ సెక్షన్ ప్రకారం జిల్లాలో కనీస మానసిక వైద్యం లేకపోతే అదే జిల్లాలో వేరేచోట చూపించుకున్న ఖర్చు సర్కారే భరించాలి, ఆ డబ్బులు ఎవరికన్నా వచ్చాయని నేను వినలేదు గానీ అర్జీలో ఆ సెక్షన్ నంబర్ వేస్తే కాగితం కొంచెం తొందరగా కదులుద్ది. ఆ ఆర్టీఐ జవాబుని, రోజులు టైములు ఉన్న ముక్కని, ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టండి, దానికోసమే అసలు అడిగేది.

పోయిన బుధవారం మందులకి బావ ఒక్కడే వెళ్ళాడు, నేను వస్తానంటే "నీకేం పని, నేను పోలేనా" అన్నాడు. మధ్యాహ్నం ఫోన్ చేసి వేరే ఎవరో కుర్రాడి గురించి చెప్పాడు, కోల్డ్ స్టోరేజీలో హమాలీ అంట, నిద్ర పట్టట్లేదంట, వచ్చే బుధవారం తనతో పాటు బండి మీద తీసుకెళ్తాడంట, ఆ సిస్టర్ నంబర్ ఉంటే పెట్టు అన్నాడు. పెట్టాను.